మీ ప్రశ్న – మా జవాబు: ఏరియేటర్ ఆన్ చేస్తే యూఎస్‌బీ ఎందుకు ఊడుతోంది?

రాస్‌బెర్రీ పై లాంటి చిన్న లినక్స్ బోర్డుల మీద ప్రశ్నలు పంపమని అడిగితే చాలా ఉత్తరాల్లో ఒకటే గోల. యూఎస్‌బీలో ఏదో ఎర్రర్ వస్తుంది, కాసేపటికి బోర్డు మొత్తం పడుకుంటుంది. అందుకే ఈసారి కాలమ్ అంతా దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర, వనామి రొయ్యల చెరువులు. రాస్‌బెర్రీ పై 3 బోర్డుకి యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్485 (దూరం వైర్ల మీద నడిచే సీరియల్ లైను) చేసే కన్వర్టర్ తగిలించి, దాని మీద డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, సెన్సర్ రీడింగ్ తీసుకుంటున్నాం. అదే లైన్లో ఉన్న రిలే బోర్డుతో ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) ఆన్, ఆఫ్ అవుతాయి. మా మేనల్లుడు బీటెక్ చదివేటప్పుడు చేసిపెట్టాడు. పగలు బాగానే ఉంటుంది. రాత్రి ఏరియేటర్లు ఆన్ అయ్యేటప్పుడు వారానికి రెండు మూడుసార్లు హ్యాంగ్ అవుతోంది, పవర్ తీసి పెడితే తప్ప లేవదు. మొన్న తెల్లవారుజామున మూడింటికి ఆగిపోతే ఐదింటికి గానీ కాపలా అబ్బాయి చూడలేదు. డ్రైవర్, అంటే కన్వర్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, మార్చాలని ఒకాయన అన్నారు. మెమరీ కార్డు రెండుసార్లు ఫార్మాట్ చేశాం, చేసినప్పుడల్లా కొన్నాళ్ళు బాగుంది. డీమెసేజ్ (లినక్స్ అసలు గుండె అయిన కెర్నల్ రాసుకునే లాగ్) స్క్రీన్ ఫొటో తీసి, ఏరియేటర్ ఆన్ అయిన టైమూ, మేనల్లుడి ప్రోగ్రామూ జతచేసి పంపుతున్నాను.

జవాబు: డ్రైవర్ జోలికి ఇప్పుడే పోకండి. ముందు చెరువు సంగతి చూద్దాం. చాలా రిలే బోర్డులు కంప్యూటర్ నుంచి మాట రాకపోతే ఆఖరుగా ఏ స్థితిలో ఉన్నాయో అక్కడే ఉండిపోతాయి, అంటే ఏరియేటర్లు ఆగి ఉన్నప్పుడు బోర్డు హ్యాంగ్ అయితే అవి ఆగే ఉంటాయి. కాబట్టి ఈ ఉత్తరం చదివిన రోజే మీ ఎలక్ట్రీషియన్ని పిలిచి, ప్యానెల్లో మామూలు టైమ్ స్విచ్ ఒకటి పెట్టించండి. రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఆరు దాకా చెరువుకి రెండు ఏరియేటర్లు బోర్డు చెప్పినా చెప్పకపోయినా తిరగాలి. కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది, పెరగనీండి. తెల్లవారుజామున డీఓ అడుగంటే టైములో రొయ్య ప్రాణం ఒక పైథాన్ ప్రోగ్రామ్ మీద పెట్టకూడదు.

ఇక ఫొటో. అందులో మూడో లైను చూడండి. ఒకటో బస్సులో (యూఎస్‌బీ లైనుకి ఆ పేరు) నాలుగో పోర్టుని హబ్, అంటే పోర్టులు పంచే చిప్, ఆపేసింది, మళ్ళీ ఆన్ చేస్తున్నాను అని కెర్నల్ రాసి, బ్రాకెట్లో ఈఎంఐ అని పెట్టి పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టింది. ఇది బ్యాంకు ఈఎంఐ కాదులెండి, మోటార్లూ, వాటిని ఆన్ చేసే పెద్ద స్విచ్‌లైన కాంటాక్టర్లూ పుట్టించే కరెంటు అలజడి. కెర్నల్‌కి కూడా అది అనుమానమే, అందుకే ప్రశ్నార్థకం. కానీ మీ విషయంలో ఆ అనుమానం నూటికి తొంభై పాళ్ళు నిజం, ఎందుకంటే ఆ లైను పక్కనున్న టైమూ, మీరు రాసిన ఏరియేటర్ ఆన్ అయిన టైమూ ఒకే సెకను.

అంతవరకూ డ్రైవర్ తప్పేమీ లేదు. లైన్లో చెత్త వచ్చింది, హబ్ చిప్ పోర్టు మూసింది, మళ్ళీ తెరిచింది, కన్వర్టర్ తిరిగి వచ్చింది. అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. మీ ప్రోగ్రామ్ టీటీవైయూఎస్‌బీ0 అనే పేరుతో పోర్టుని తెరిచి పట్టుకుని కూర్చుంది. పరికరం ఊడినా ప్రోగ్రామ్ ఆ పేరు వదలదు, అది వదలనంతకాలం కెర్నల్ ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వదు. అందుకే తిరిగొచ్చిన కన్వర్టర్‌కి టీటీవైయూఎస్‌బీ1 అని కొత్త పేరు పెట్టింది, ఫొటోలో ఆరో లైను అదే. ఇల్లు మారినాయన కోసం పాత తలుపు దగ్గర నిలబడి కొడుతున్నట్టు మీ ప్రోగ్రామ్ టీటీవైయూఎస్‌బీ0ని చదువుతూనే ఉంది. సెన్సర్‌ని అడిగిన ప్రతిసారీ ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. మేనల్లుడుగారు ఆ ఎర్రర్‌ని పట్టుకుని లాగ్‌లో ఒక లైను రాసి వెంటనే మళ్ళీ చదవమన్నారు, మధ్యలో ఒక్క సెకను ఆగకుండా. సెకనుకి వేల లైన్లు. సీపీయూ ఫుల్, గంట రెండు గంటల్లో మెమరీ కార్డు ఫుల్, ఆ తర్వాత లాగిన్ కూడా అవ్వదు. మీరు హ్యాంగ్ అంటున్నది ఇది. కార్డు ఫార్మాట్ చేసినప్పుడల్లా కొన్నాళ్ళు బాగుందని రాశారు కదా, కార్డు ఖాళీ అయింది కాబట్టి నిండటానికి కాస్త టైము పట్టింది, అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. పై 3 బోర్డులో నాలుగు యూఎస్‌బీ పోర్టులూ, నెట్ కేబుల్ పోర్టూ అన్నీ ఒక్క ల్యాన్9514 చిప్‌లో ఉంటాయి, ఆ చిప్ నుంచి ప్రాసెసర్‌కి వెళ్ళేది ఒకే ఒక్క యూఎస్‌బీ 2.0 దారి. అలజడి గట్టిగా వచ్చి ఆ చిప్పే ఒకసారి రీసెట్ అయితే కన్వర్టర్‌తో పాటు నెట్ కూడా పోతుంది. ఫోన్లో చూస్తే బోర్డు చచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

అలజడి ఏ దారిన వస్తోందో పట్టుకోవడానికి ఒక సాయంత్రం పెట్టండి. ల్యాప్‌టాప్ నుంచి పై బోర్డులోకి లాగిన్ అయి, అక్కడ డీమెసేజ్‌ని డబ్ల్యూ ఆప్షన్‌తో నడుపుతూ పక్కన పెట్టుకుని, ఏరియేటర్లు ఒక్కొక్కటే చేత్తో ఆన్ చేయిస్తూ చూడండి. ఊడుతుంటే, కన్వర్టర్‌ని బోర్డుకే ఉంచి దానికి వచ్చే ఆర్‌ఎస్485 వైర్లు మాత్రం విప్పేసి మళ్ళీ అదే చేయండి. ఇప్పుడు ఊడకపోతే చెత్త చెరువు గట్టు మీది వైరు వెంట వస్తోంది. వైర్లు విప్పినా ఊడుతుంటే ఈసారి పై బోర్డుని అడాప్టర్ మీద కాకుండా పవర్ బ్యాంక్ మీద నడపండి. ఆగిపోతే దారి అడాప్టర్. అప్పటికీ ఊడుతుంటే గాలిలో నుంచే వస్తోంది, అంటే బోర్డుని కాంటాక్టర్లున్న అదే ఇనప డబ్బాలో పెట్టి ఉంటారు. డబ్బా మార్చండి.

వైరు వెంట వస్తుంటే ఐసొలేటెడ్ రకం (రెండు వైపులకీ మధ్య కరెంటు దారి లేని) కన్వర్టర్ కొనండి, ఏ, బీ రెండు వైర్లూ మెలితిరిగిన జంట అయి ఉండాలి, లైను రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్ ఉండాలి, మధ్యలో కాదు. కాంటాక్టర్ కాయిల్ రెండు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్, 100 ఓమ్స్ ఆర్‌సీ స్నబ్బర్ (అలజడిని మింగే కెపాసిటర్, రెసిస్టర్ జంట) వేయమంటే ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో వేస్తాడు. ఏసీ లైన్ మీద పెట్టే ఎక్స్2 రకం కెపాసిటర్ అయి ఉండాలి సుమా. అడాప్టర్ సంగతికొస్తే, పై బోర్డులో వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ అనే కమాండ్ కొట్టండి. జవాబు సున్నా అయితే ఓకే. 0ఎక్స్50000 వస్తే బోర్డు ఆన్ అయ్యాక ఎప్పుడో ఒకసారి వోల్టేజీ 4.63 కిందకి పడిందన్నమాట. మొబైల్ చార్జర్, సన్నటి కేబుల్ పెట్టినవాళ్ళలో చాలామందికి ఈ నంబరే వస్తుంది.

యూఎస్‌బీని పూర్తిగా తప్పించుకోవాలంటే పై బోర్డు పిన్నుల మీద ఉన్న సీరియల్ పోర్టుకే ఆర్‌ఎస్485 బోర్డు పెట్టుకోవచ్చు. ఒక మెలిక ఉంది. పై 3లో మంచి సీరియల్ పోర్టుని బ్లూటూత్ తీసేసుకుంది, పిన్నుల మీద మిగిలింది మినీ యూఆర్ట్ అనే చిన్న సీరియల్ పోర్టు, దానికి పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) రాదు. ఆర్‌ఎస్485 సెన్సర్లు మాట్లాడే మోడ్‌బస్ భాషలో డిఫాల్ట్ ఈవెన్ పారిటీ, మీ సెన్సర్ అలా ఉంటే ఇది కుదరదు. బ్లూటూత్ ఆపేసే ఓవర్లే (బూట్ సెట్టింగ్) పెట్టుకుంటే మంచి పోర్టు పిన్నుల మీదకి వస్తుంది, చెరువు గట్టున బ్లూటూత్‌తో మీకేం పని.

మేనల్లుడుగారికి నాలుగు మాటలు. టీటీవైయూఎస్‌బీ0 అని పేరు రాయొద్దు, డెవ్ కింద సీరియల్ ఫోల్డర్‌లో బై-పాత్ అని ఉంటుంది, అందులో పేరు వాడండి. పక్కనే బై-ఐడీ కూడా ఉంటుంది కానీ మీ కన్వర్టర్‌లో ఉన్నది సీహెచ్340 చిప్, దానికి సాధారణంగా సీరియల్ నంబరు ఉండదు, రేపు అలాంటిదే ఇంకోటి కొంటే రెండూ ఒకే పేరు కోసం కొట్టుకుంటాయి. ఎర్రర్ వస్తే పోర్టు మూయండి, రెండు సెకన్లు ఆగండి, మళ్ళీ తెరవండి. ఐదుసార్లు కుదరకపోతే ప్రోగ్రామ్ దానంతటదే ముగిసిపోవాలి, రీస్టార్ట్ సెట్టింగ్ పెడితే సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లని నడిపించేది) తిరిగి లేపుతుంది. జర్నల్‌కి, అంటే సిస్టమ్‌డీ దాచే లాగ్‌కి, 50 ఎంబీ హద్దు పెట్టండి.

ప్రశ్న: వరంగల్‌లో పాలిటెక్నిక్ చేస్తున్నాం. పై 3కి రెండు వెబ్‌క్యామ్‌లు పెడితే మొదటిది వస్తుంది, రెండోది ఆన్ చేయగానే "డివైస్‌లో స్థలం లేదు" అంటుంది. 32 జీబీ కార్డులో 20 జీబీ ఖాళీగా ఉంది సర్. వైరస్సా?

జవాబు: కార్డులో స్థలం కాదు బాబూ, యూఎస్‌బీ దారిలో స్థలం. ఎర్రర్ నంబరు -28ని లినక్స్ రెండిటికీ వాడేస్తుంది, తికమకంతా అక్కడే. లెక్క చాలా సరదాగా ఉంటుంది, చూడండి. యూఎస్‌బీ 2.0లో టైముని 125 మైక్రోసెకన్ల ముక్కలుగా కోస్తారు, ఒక్కో ముక్కలో 7500 బైట్లు పడతాయి. వీడియోలాంటి టైముకి రావాల్సిన సరుక్కి అందులో 80 శాతమే, అంటే 6000 బైట్లే, ముందుగా బుక్ చేసుకోవచ్చు. చాలా వెబ్‌క్యామ్‌లు అవసరం ఉన్నా లేకపోయినా గరిష్ఠంగా 3072 బైట్లు బుక్ చేసుకుని కూర్చుంటాయి. బస్సులో కర్చీఫ్ వేసినట్టే. రెండు కెమెరాలకి 6144. 144 బైట్లు ఎక్కువైంది, రెండోదాన్ని దించేశారు.

కంప్రెస్ చేయని వైయూవైవీ బదులు కంప్రెస్ చేసిన ఎంజేపెగ్ ఫార్మాట్ అడిగి, రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఎంజేపెగ్‌లో కూడా కెమెరా అబద్ధమాడి పెద్ద సీటే అడిగితే అది వేరే గోల. కంప్రెస్ చేయని ఫార్మాట్‌లో అబద్ధమాడితే మాత్రం యూవీసీవీడియో అనే కెమెరా డ్రైవర్ మాడ్యూల్‌కి క్విర్క్స్ (వంకర పరికరాలకి సర్దుబాటు) విలువ 0ఎక్స్80 ఇచ్చి లోడ్ చేయండి, అప్పుడు డ్రైవర్ కెమెరా మాట నమ్మకుండా సొంతంగా లెక్కవేసుకుంటుంది.

ప్రశ్న: ఎడిసన్, న్యూజెర్సీ నుంచి. పై 4లో ఎస్‌ఎస్‌డీ నుంచే బూట్ చేసి ఇంట్లో ఫొటోలు దాచుకుంటున్నాం. పెద్ద ఫైళ్ళు కాపీ చేస్తుంటే అర నిమిషం బిగుసుకుపోయి, యూఏఎస్ అబార్ట్ అనీ డివైస్ రీసెట్ అనీ లైన్లు వచ్చి, ఒక్కోసారి డిస్క్ మొత్తం రీడ్ ఓన్లీ అయిపోతోంది. ఎస్‌ఎస్‌డీ పోయినట్టేనా?

జవాబు: ఎస్‌ఎస్‌డీ మీద అనుమానం ఆఖరున పెట్టుకోండి. మొదట పవర్. పై 4 నాలుగు పోర్టులూ కలిపి ఇవ్వగలిగింది 1.2 ఆంపియర్లు, రాసేటప్పుడు కొన్ని ఎస్‌ఎస్‌డీలు దాన్ని ఒక్కటే మింగేస్తాయి. సొంత అడాప్టర్ ఉన్న హబ్ మీద పెట్టి చూడండి. తగ్గకపోతే ఎస్‌ఎస్‌డీకీ యూఎస్‌బీకీ మధ్య ఉండే చిన్న బ్రిడ్జి చిప్. కొన్ని చిప్‌లు యూఏఎస్ అనే వేగవంతమైన పద్ధతి వచ్చని చెప్పుకుంటాయి, పని మీదకి వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొడితే ఆ చిప్ ఐడీ వస్తుంది. ఉదాహరణకి 152డి:0578 అని వస్తే జేమైక్రాన్ వాళ్ళది. బూట్ సెట్టింగ్స్ ఉండే సీఎండీలైన్ ఫైల్లో యూఎస్‌బీ-స్టోరేజ్ క్విర్క్స్ అనే మాటకి ఎదురుగా ఆ ఐడీ రాసి, ఇంకో కోలన్ పెట్టి, చిన్న యు అక్షరం చేర్చండి. ఆ చిప్‌కి మాత్రం యూఏఎస్ ఆగిపోయి పాత పద్ధతిలో నడుస్తుంది. వేగం కొంత తగ్గుతుంది, ఫొటోలకి అది తెలియదు. ఆ ఫైల్లో ఉన్నదంతా ఒకే లైనులో ఉండాలి, కొత్త లైను కొట్టారో బోర్డు బూటవ్వదు. ఫొటోల కాపీ ఇంకోచోట ఉందా? లేకపోతే ముందు అది చేసి తర్వాత ఈ ఫైలు ముట్టుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో కొలిచే పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మా సొంత యూఎస్‌బీ పరికరానికి కెర్నల్ డ్రైవర్ నేనే రాశాను, సింగిల్ కోర్ ఆర్మ్ బోర్డు, కన్సోల్ సీరియల్ మీద. వాడుతుండగా కేబుల్ లాగితే మొత్తం బిగుసుకుంటుంది. ఒక్కోసారి ఏమీ అవ్వదు, పది నిమిషాల తర్వాత ఎక్కడో సంబంధం లేని చోట కెర్నల్ ఊప్స్ (లోపల తప్పు జరిగిందన్న కెర్నల్ రిపోర్టు). కస్టమర్ దగ్గర డెమో ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. కోడూ, ఆ ఊప్సూ జతచేశాను.

జవాబు: కోడ్ చదివాను. మూడు తప్పులు దొరికాయి, మూడూ దాదాపు అందరూ చేసేవే, నేనూ చేశాను. పైన చెరువుల ఆయనకి డ్రైవర్ జోలికి పోకండి అన్నాను కానీ మీకు మాత్రం డ్రైవరే.

మొదటిది బిగుసుకోవడం. మీ యూఆర్‌బీ (యూఎస్‌బీ పరికరానికి డ్రైవర్ పంపే ఒక్కో కోరిక) పూర్తయినప్పుడు వచ్చే కాల్‌బ్యాక్‌లో, స్టేటస్ ఏదైనా సరే, ఎర్రర్ అని ఒక లైను ప్రింట్ చేసి అదే యూఆర్‌బీని వెంటనే తిరిగి పంపుతున్నారు. కేబుల్ లాగిన క్షణానికీ, ఊడిందని హబ్ కెర్నల్‌కి చెప్పే క్షణానికీ మధ్య గ్యాప్ ఉంటుంది, హై స్పీడ్ హబ్‌ని సాధారణంగా 256 మిల్లీసెకన్లకి ఒకసారి అడుగుతారు కాబట్టి పావు సెకను దాకా పట్టొచ్చు. ఆ పావు సెకనులో ప్రతి యూఆర్‌బీ -71తో తిరిగొస్తుంది, మీరు ప్రింట్ చేస్తారు, మళ్ళీ పంపుతారు. మీ కన్సోల్ 115200 బాడ్, అంటే సెకనుకి దాదాపు 11,500 అక్షరాలు, 80 అక్షరాల లైను ఒకటి బయటికి పోవడానికి 7 మిల్లీసెకన్లు. అంతసేపూ ఉన్న ఒక్క కోరూ ఇంటరప్ట్‌లోనే ఉంటుంది. హబ్ చెప్పినా వినడానికి కెర్నల్‌కి సందు దొరకదు, వినకపోతే డిస్‌కనెక్ట్ జరగదు, జరగకపోతే ఎర్రర్లు ఆగవు. అందులో పడి కొట్టుకుంటోంది మీ బోర్డు.

-2, -104, -108 వస్తే మాట్లాడకుండా రిటర్న్ అయిపోండి, అవి పని అయిపోయిందని చెప్పేవి. -71, -84, -62 వస్తే కేబుల్ ఊడి ఉండొచ్చని అనుకుని టైమర్ పెట్టి కాస్త ఆగి ప్రయత్నించండి. కీబోర్డు, మౌస్‌ల కోసం కెర్నల్లో ఉన్న యూఎస్‌బీహెచ్‌ఐడీ డ్రైవర్ 13 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి ఆ వ్యవధిని 104 దాకా రెట్టింపు చేసుకుంటూ పోతుంది, అలా సెకను దాటాక పరికరాన్ని రీసెట్ చేస్తుంది. అదే కాపీ కొట్టండి, తప్పులేదు. -32 వస్తే హాల్ట్ (పరికరం ఆ దారిని ఆపేసిన స్థితి) తీయాలి, ఆ పని నిద్రపోగలదు కాబట్టి కాల్‌బ్యాక్‌లో కాదు, తర్వాత తీరిగ్గా నడిచే వర్క్‌క్యూలో చేయాలి. ప్రింట్‌కి రేట్‌లిమిట్ రకం వాడండి.

రెండోది ఆ పది నిమిషాల ఊప్స్. డిస్‌కనెక్ట్‌లో మీ స్ట్రక్చర్‌ని ఫ్రీ చేసేస్తున్నారు. కానీ పైన మీ అప్లికేషన్ ఆ డివైస్ ఫైల్ని ఇంకా తెరిచే ఉంచింది. పది నిమిషాలకి టైమౌట్ అయ్యి అది ఫైలు మూస్తుంది, అప్పుడు మీ రిలీజ్ ఫంక్షన్ ఎప్పుడో వదిలేసిన మెమరీని ముట్టుకుంటుంది, ఈలోపు ఆ మెమరీ ఇంకెవరికో ఇచ్చేశారు. మీరు అంటించిన ఊప్స్‌లో సంబంధం లేని ఫంక్షన్ పేరు అందుకే. కెర్నల్ బూట్ లైనులో స్లబ్ డీబగ్‌ని ఎఫ్, జడ్, పీ అక్షరాలతో ఆన్ చేసి మళ్ళీ లాగి చూడండి. ఫ్రీ చేసిన మెమరీని కెర్నల్ 6బి అనే బైటుతో నింపుతుంది, ఊప్స్‌లో 6బి6బి6బి6బి అనే అడ్రస్ కనిపిస్తే ఇంక వాదన అక్కర్లేదు. మందు కేరెఫ్, అంటే ఎంతమంది వాడుతున్నారో పెట్టే లెక్క. తెరిచిన ప్రతి ఫైలుకీ ఒక లెక్క, ఆఖరివాడు వదిలాకే ఫ్రీ. డిస్‌కనెక్ట్‌లో వరస ముఖ్యం: ముందు కొత్తగా ఎవరూ తెరవకుండా డిరిజిస్టర్, తర్వాత మ్యూటెక్స్ పట్టుకుని ఇంటర్‌ఫేస్ పాయింటర్‌ని నల్ చేయడం, తర్వాత గాలిలో ఉన్న యూఆర్‌బీలని కిల్ చేయడం, ఆఖరున మీ లెక్క వదలడం. కెర్నల్ సోర్స్‌లోనే యూఎస్‌బీ-స్కెలిటన్ అని నమూనా డ్రైవర్ ఉంది, మీ కోడ్ పక్కన పెట్టుకుని లైను లైనూ పోల్చండి.

మూడోది ఇంకా బయటపడలేదు, పడేలోపు తీసేయండి. కంట్రోల్ మెసేజ్‌కి ఆరు బైట్ల బఫర్‌ని ఫంక్షన్ లోపల లోకల్‌గా, అంటే స్టాక్ మీద పెట్టారు. ఆ బఫర్ మీదకి డీఎంఏ (ప్రాసెసర్ చేయి లేకుండా మెమరీలో నేరుగా రాయడం) వస్తుంది. ఆర్మ్‌లో క్యాష్ లైను మొత్తం చెల్లకుండా పోతే పక్కనున్న వేరియబుల్స్ కూడా పాడవుతాయి. కొత్త కెర్నళ్ళు ఇలాంటివాటిని పట్టుకుని అరుస్తాయి, పాతవి నోరు మూసుకుని పాడుచేస్తాయి. స్టాక్ బదులు కేమాలాక్‌తో విడిగా మెమరీ తీసుకోండి.

డెమోకి ముందు సిస్‌ఎఫ్‌ఎస్‌లో అన్‌బైండ్, బైండ్‌లని స్క్రిప్టుతో ఐదొందలసార్లు తిప్పండి, ఒక ప్రోగ్రామ్ ఆ ఫైలు తెరిచి ఉంచగా. దాంతో డిస్‌కనెక్ట్ తప్పులు బయటపడతాయి కానీ -71 రాదు, దానికి మాత్రం కుర్చీలో కూర్చుని చేత్తో కేబుల్ లాగాల్సిందే. సగం దాకా లాగి వదలండి, వంకరగా లాగండి. కస్టమర్ అలాగే లాగుతాడు.

ప్రశ్న: మాది విజయవాడలో షాపు. బిల్లింగ్ బోర్డు అప్పుడప్పుడు ఆగుతోందని రోజూ తెల్లవారుజామున మూడింటికి రీబూట్ అయ్యేలా పెట్టుకున్నాం. తప్పా?

జవాబు: తప్పేం కాదు, కానీ మధ్యాహ్నం పన్నెండింటికి ఆగితే షాపులో జనం మూడింటి దాకా ఆగరు కదా. వాచ్‌డాగ్, అంటే బోర్డు పలక్కపోతే దానంతటదే రీబూట్ చేసే కాపలా టైమర్, పెట్టుకోండి. పై బోర్డులో హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉంది, సిస్టమ్‌డీ సెట్టింగ్స్‌లో రన్‌టైమ్ వాచ్‌డాగ్ సెకన్లు అనే చోట 10 అని రాస్తే చాలు. ఆ చిప్ గరిష్ఠంగా 15 సెకన్లే లెక్కపెట్టగలదు, కాబట్టి 60 రాసి కూర్చోకండి. కెర్నల్ నిజంగా బిగుసుకుంటే ఇది లేపుతుంది. కెర్నల్ బాగానే ఉండి మీ బిల్లింగ్ ప్రోగ్రామ్ ఒక్కటే ప్రింటర్ కోసం చూస్తూ ఆగితే ఇది లేపదు, ఆ ప్రోగ్రామ్‌కి వేరే వాచ్‌డాగ్ సెట్టింగ్ సిస్టమ్‌డీలోనే ఉంది.

రీబూట్ చేస్తే యూఎస్‌బీ పోర్టులో 5 వోల్టులు పోయి వస్తాయన్న గ్యారంటీ కూడా లేదు. ప్రింటరే లోపల బిగుసుకుని ఉంటే రీబూట్ అయినా అలాగే ఉంటుంది. నేనొక రైస్ మిల్లులో కాటా మెషీన్ సీరియల్ కేబుల్ ఊడుతోందని మూడు రోజులు డ్రైవర్ వెర్షన్లు మార్చుకుంటూ కూర్చున్నాను. నాలుగో రోజు గుమస్తా వచ్చి, "సార్, ఆ వైరు మీద రోజూ బస్తా పెడుతున్నారు" అన్నాడు. కాబట్టి ముందు జర్నల్‌ని పర్సిస్టెంట్ చేసి, రీబూట్ అయినా లాగ్ మిగిలేలా చూడండి. ఇప్పుడు మీరు రోజూ మూడింటికి సాక్ష్యం చెరిపేస్తున్నారు. ఈసారి ఆగినప్పుడు ఆ టైము కాగితం మీద రాసుకుని, దానికి ముందు పది నిమిషాల లాగ్ పంపండి. ప్రింటర్ కేబుల్ మీద ఏమన్నా పెడుతున్నారేమో కూడా చూసి రాయండి.